ఫైళ్లు 610 జీబీ, బిల్లు 1.4 టీబీకి: సగంలో ఆగిన అప్‌లోడ్‌ల ముక్కలు తీసేయడం ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చీమకుర్తి ఫ్యాక్టరీలో కోసిన ప్రతి స్లాబు ఫొటో, వారానికోసారి క్వారీ మీద తీసే డ్రోన్ వీడియో ఒంగోలు ఆఫీసు సిస్టంలోకి చేరతాయి. రాత్రి 11 గంటలకి ఒక స్క్రిప్టు వాటిని ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌లోని ఎస్3 బకెట్‌లోకి, అంటే అక్కడ ఫైళ్లు దాచుకునే అద్దె స్టోరేజ్‌లోకి ఎక్కిస్తుంది. బకెట్‌లో ఉన్న ఫైళ్లన్నీ కూడితే 610 జీబీ వస్తోంది, బిల్లు మాత్రం 1.4 టీబీకి వస్తోంది. తేడా 800 జీబీ పైనే, అది ఏ ఫోల్డర్ తెరిచినా కనపడటం లేదు. ఎవరైనా హ్యాక్ చేసి వాళ్ల డేటా మన బకెట్‌లో దాచుకుంటున్నారేమోనని మీ ఓనరుగారు టెన్షన్ పడుతున్నారు.

ముందు ఆయన్ని స్థిమితంగా ఉండమనండి. దాచుకున్న డేటా అయితే ఫైళ్ల లిస్టులో కనపడాలి. లిస్టులో లేకుండా బిల్లులో మాత్రం ఉన్నాయంటే దానికి మామూలుగా రెండే కారణాలు. ఒకటి, బకెట్‌కి వెర్షనింగ్ ఆన్ చేసి ఉండి, మీరు చెరిపేశాం అనుకున్న పాత కాపీలు లోపల ఉండిపోవడం. రెండు, సగంలో ఆగిపోయిన అప్‌లోడ్‌ల ముక్కలు. మొదటిది తేల్చడం ఒక్క నిమిషం పని. కన్సోల్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీలో, ఫైళ్ల లిస్టు పైన 'షో వెర్షన్స్' అని ఒక స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి. పాత వెర్షన్లు బారుగా బయటపడితే మీ సమస్య వేరు, మందు కూడా వేరు. ఏమీ రాకపోతే మిగిలింది రెండోదే. మీరు చెప్పిన తీరు చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది, ఎందుకో కింద చెప్తాను.

ఎస్3లోకి పెద్ద ఫైలు మామూలుగా ఒకే ముద్దగా వెళ్లదు. మల్టీపార్ట్ అప్‌లోడ్ అనే పద్ధతి 2010లో వచ్చింది, ఇప్పుడు దాదాపు అన్ని టూల్స్ దాన్నే వాడతాయి. ఏడబ్ల్యూఎస్ వాళ్ల కమాండ్ లైన్ టూల్ అయితే, మీరు సెట్టింగ్ మార్చకపోతే, 8 ఎంబీ దాటిన ఏ ఫైలునైనా 8 ఎంబీ ముక్కలుగా కోసి పంపిస్తుంది. ముందు 'ఈ పేరుతో ఒక ఫైలు పంపబోతున్నాను' అని చెప్తే ఎస్3 ఒక అప్‌లోడ్ ఐడీ ఇస్తుంది. తర్వాత ముక్కలు నంబర్లు వేసుకుని వెళ్తాయి. చివరి ముక్క తప్ప మిగతావి కనీసం 5 ఎంబీ ఉండాలి, ఒక ఫైలుకి పది వేల ముక్కలకి మించకూడదు. అన్నీ చేరాక టూల్ 'కంప్లీట్' అనే రిక్వెస్ట్ పంపిస్తుంది. ఆ రిక్వెస్ట్ అందాకే ఆ ముక్కలు కలిసి ఒక ఫైలుగా మారి మీ లిస్టులోకి వస్తాయి.

కంప్లీట్ అన్నా రావాలి, 'అబార్ట్' (ఆపేసి ముక్కలు తీసెయ్యమనే రిక్వెస్ట్) అన్నా రావాలి. రెండూ రాకపోతే ముక్కలు అక్కడే ఉంటాయి. వారం అయినా, ఏడాది అయినా ఎస్3 తనంతట తాను వాటిని ముట్టుకోదు. రైస్ మిల్లు గోడౌన్‌లో బస్తాలు దింపేసి రిజిస్టర్‌లో రాయకుండా వెళ్లిపోయినట్టు, సరుకు లెక్కలో ఉండదు గానీ అద్దె మాత్రం నడుస్తుంది. ముంబై రీజియన్‌లో స్టాండర్డ్ క్లాసుకి నెలకి జీబీకి 0.025 డాలర్లు. మీ 820 జీబీకి ఇరవై డాలర్లు దాటుతుంది, జీఎస్టీ కలుపుకుంటే రెండు వేల రూపాయల చుట్టుపక్కల. గ్రానైట్ ఎగుమతి చేసే కంపెనీకి ఇదేమీ పెద్ద మొత్తం కాదనుకోండి. కానీ ఎక్కించే పద్ధతి మారకపోతే ఇది తగ్గేది కాదు, నెలనెలా పెరిగేది.

కన్సోల్‌లో ఎందుకు కనపడదంటే, అక్కడ చూపించేది పూర్తయిన ఫైళ్లని మాత్రమే. కానీ ఏడబ్ల్యూఎస్ కొలతలు చూపించే క్లౌడ్‌వాచ్‌లో 'బకెట్ సైజ్ బైట్స్' అనే లెక్క ఉంటుంది, అందులో ఈ సగం ముక్కల సైజు కూడా కలిపే చూపిస్తారు. కాబట్టి క్లౌడ్‌వాచ్ లెక్కకీ, ఫైళ్లు కూడితే వచ్చే లెక్కకీ తేడా ఉంటే అనుమానం ఇటే రావాలి. ఇంకా తేలిగ్గా కావాలంటే ఎస్3 వాడకం లెక్కలు చూపించే స్టోరేజ్ లెన్స్ డిఫాల్ట్ డ్యాష్‌బోర్డు తెరవండి. 'ఇన్‌కంప్లీట్ మల్టీపార్ట్ అప్‌లోడ్ బైట్స్' అని నేరుగా ఉంటుంది, ఏడు రోజులు దాటినవి ఎన్నో విడిగా కూడా చూపిస్తుంది.

అసలు సంగతి బయటపడేది మాత్రం 'లిస్ట్ మల్టీపార్ట్ అప్‌లోడ్స్' కమాండ్ కొట్టినప్పుడే. కమాండ్ లైన్ టూల్‌లో ఎస్3ఏపీఐ కింద ఉంటుంది, బకెట్ పేరు ఇస్తే చాలు. వచ్చిన ప్రతి వరుసలో ఫైలు పేరు, అప్‌లోడ్ ఐడీ, మొదలైన టైము, ఎవరి తాళంతో, అంటే ఏ యూజర్ పేరు మీద మొదలైందో ఉంటాయి. మీ బకెట్‌లో ఏం కనిపిస్తుందో ఇక్కడి నుంచే ఊహించగలను: ఒకే డ్రోన్ వీడియో పేరు నాలుగైదు వరుసల్లో, ప్రతిసారీ వేరే అప్‌లోడ్ ఐడీతో, టైము 17:38, 17:44, 17:41 అని. ఆ టైము యూటీసీలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే రాత్రి 11 దాటి పది పదిహేను నిమిషాలు, అంటే మీ స్క్రిప్టు మొదలై ఫొటోలు అయిపోయి వీడియో ఎత్తుకున్న టైము. సరిగ్గా అలాగే వస్తే ఇక హ్యాకర్ మాట ఎత్తక్కర్లేదు, దొంగ మీ స్క్రిప్టే.

స్క్రిప్టు ఇలా ఎందుకు చేస్తోందో చెప్తాను. ఇది తెలియకుండా ముక్కలు ఊడ్చేస్తే వచ్చే నెలకి మళ్లీ ఇంతే పేరుకుంటుంది. మీ స్క్రిప్టు వాడే ఏడబ్ల్యూఎస్ 'సింక్' కమాండ్‌కి, నిన్న ఆగిన చోటి నుంచి ఇవాళ ఎత్తుకోవడం రాదు. ఫైలు అక్కడ ఉందా లేదా అని చూస్తుంది, లేకపోతే కొత్త అప్‌లోడ్ ఐడీ తీసుకుని మొదటి ముక్క నుంచి మొదలెడుతుంది. 40 జీబీ వీడియో, అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అనుకుందాం. నెట్ ఒక్కసారి కూడా ఆగకపోతేనే నాలుగున్నర గంటలు పడుతుంది. తెల్లవారుజామున రెండున్నరకి కరెంటు పోయిందంటే అప్పటికి 30 జీబీ దాకా అక్కడ చేరి ఉంటుంది. మర్నాడు రాత్రి మళ్లీ మొదటి నుంచి. ఇలా నాలుగు రాత్రులు పోతే ఒక్క వీడియోకే 120 జీబీ చెత్త, ఐదో రాత్రి పూర్తయిన అసలు ఫైలు 40 జీబీ. 800 జీబీ అలాగే అయి ఉంటుంది, ఇందులో వింతేమీ లేదు.

'నేను కంట్రోల్ సీ కొట్టి ఆపితే టూల్ శుభ్రం చేస్తుంది కదా' అని మీరు రాశారు. నిజమే. చేత్తో ఆపినా, రీట్రైలన్నీ అయిపోయి ఓడిపోయినా అది అబార్ట్ పంపించే ప్రయత్నం చేస్తుంది. కానీ ఆ అబార్ట్ వెళ్లాల్సింది కూడా అదే నెట్ మీద. మన ఊళ్లలో ఆఫీసుల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఒకటుంది: సిస్టంకి యూపీఎస్ ఉంటుంది, గోడకి తగిలించిన ఫైబర్ డబ్బాకి, వైఫై రౌటర్‌కి మాత్రం మామూలు ప్లగ్గే ఉంటుంది. కరెంటు పోగానే సిస్టం బతికే ఉంటుంది, నెట్ చచ్చిపోతుంది. టూల్ రీట్రై చేసి చేసి ఓడిపోయి, పోయిన నెట్ మీదే అబార్ట్ పంపి, అది కూడా వెళ్లక ఊరుకుంటుంది. సిస్టమే ఒక్కసారిగా ఆరిపోతే ఆ ప్రయత్నం కూడా ఉండదు. నెల్లూరు, ప్రకాశం కోస్తాకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇది మామూలే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అలాంటి వారాల్లో తీగలు తెగి రాత్రంతా కరెంటు లేకపోతే ఏ టూల్ అయినా ఏం చేస్తుంది. మీ లిస్టులో ఏ నెలవి ఎక్కువున్నాయో చూడండి, ఈశాన్య రుతుపవనాల నెలలే ముందుంటాయని నా అంచనా.

ముక్కలు పేరుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. క్వారీ దగ్గర సూపర్‌వైజర్లు ఫోన్ బ్రౌజర్‌లోంచే ఫొటోలు ఎక్కించే పేజీ ఒకటి చేయించామన్నారు. ఆ పేజీ పెద్ద వీడియోలకి మల్టీపార్ట్ వాడుతుంటే, మధ్యలో ట్యాబ్ మూసేసినప్పుడు అబార్ట్ పంపే దిక్కే ఉండదు. చీమకుర్తి క్వారీ గుంతల్లోకి దిగితే సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లిస్టులో ఎవరి తాళంతో మొదలైందో ఉంటుందన్నాను కదా, దాన్ని బట్టి స్క్రిప్టు వాటా ఎంత, వెబ్ పేజీ వాటా ఎంత అన్నది విడదీయొచ్చు.

ఇక తీసేయడం. దీనికి సరైన పద్ధతి ఒక్కటే అని నా అభిప్రాయం: బకెట్‌కి లైఫ్‌సైకిల్ రూల్ పెట్టడం. ఎస్3లో ఈ పని కోసమే 2016 నుంచి ఒక చర్య ఉంది, 'అబార్ట్ ఇన్‌కంప్లీట్ మల్టీపార్ట్ అప్‌లోడ్'. మొదలై ఇన్ని రోజులైనా పూర్తికాని అప్‌లోడ్‌లని ఆపేసి, ముక్కలు తీసేయమని చెప్పడం. కన్సోల్‌లో బకెట్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లోకి వెళ్లి కొత్త రూల్ సృష్టించి, బకెట్ మొత్తానికి వర్తించేలా పెట్టి, ఎక్స్‌పైర్ అయిన డిలీట్ మార్కర్లు, పూర్తికాని అప్‌లోడ్‌లు తీసేయమనే గడికి టిక్ పెట్టి, రోజుల సంఖ్య ఇస్తే అయిపోయింది. పాతవాటికి కూడా అదే రూల్ వర్తిస్తుంది, కాబట్టి మీ 800 జీబీకి విడిగా స్క్రిప్టు రాయాల్సిన పని కూడా చాలావరకు ఉండదు. పూర్తయిన ఫైళ్ల జోలికి ఈ రూల్ పోదు, ఆ భయం వద్దు.

ఎన్ని రోజులు పెట్టాలన్నది కొంచెం ఆలోచించాల్సిన విషయం. అందరూ ఏడు రోజులు అంటారు, చెడ్డ సలహా కాదు. కానీ ఈ లెక్క చివరి ముక్క చేరిన రోజు నుంచి కాదు, అప్‌లోడ్ మొదలైన రోజు నుంచి. అంటే నిజంగానే రోజుల తరబడి నెమ్మదిగా వెళ్తున్న అప్‌లోడ్ ఏదైనా ఉంటే, ఇంకా ముక్కలు వెళ్తుండగానే రూల్ దాన్ని ఆపేస్తుంది. మీ దగ్గర అలాంటిది లేదు, ఏదైనా ఒక్క రాత్రి పని. మీ సింక్ టూల్‌కి ఆగిన చోటి నుంచి కొనసాగించడం రాదు కాబట్టి తెల్లారాక ఆ ముక్కలకి పైసా విలువ లేదు. అందుకే మీకైతే మూడు రోజులు చాలని చెప్తాను. ఆగిన చోటి నుంచి ఎత్తుకోగల టూల్ వాడేవాళ్లు, ఉదాహరణకి పెళ్లి వీడియోలు రెండేసి వందల జీబీ పంపే నెల్లూరు స్టూడియోల వాళ్లు, ఏడే ఉంచుకోవాలి. శనివారం ఆగింది సోమవారం మళ్లీ మొదలెట్టే అవకాశం వాళ్లకుంటుంది.

ఇక్కడ ఒక గుంత ఉంది. కన్సోల్‌లో కాకుండా కమాండ్ లైన్ నుంచి రూల్ పెడితే జాగ్రత్త. 'పుట్ బకెట్ లైఫ్‌సైకిల్ కాన్ఫిగరేషన్' అనేది ఉన్న రూల్స్‌కి కొత్తది చేర్చదు, మొత్తం సెట్టింగునే తీసేసి మీరిచ్చినదాన్ని పెడుతుంది. మీ బకెట్‌లో పాత స్లాబు ఫొటోల్ని 90 రోజుల తర్వాత తక్కువ ధర స్టోరేజ్ అయిన గ్లేసియర్‌కి పంపే రూల్ ఉందన్నారు. ఒక్క కొత్త రూల్ ఉన్న ఫైలు ఇచ్చి ఆ కమాండ్ కొట్టారంటే ఆ గ్లేసియర్ రూల్ మాయమైపోతుంది, ఎర్రర్ కూడా రాదు. తెలిసేది మళ్లీ బిల్లు వచ్చినప్పుడే. ముందు 'గెట్ బకెట్ లైఫ్‌సైకిల్ కాన్ఫిగరేషన్' కమాండ్‌తో ఉన్నవన్నీ ఒక ఫైల్లోకి దించుకుని, దానికి కొత్త రూల్ కలిపి, అప్పుడు ఎక్కించండి. ఇంకోటి, ఈ చర్య ఉన్న రూల్‌కి ట్యాగుల ఫిల్టర్ పెట్టడం కుదరదు. ఫోల్డర్ పేరుతో, అంటే ప్రిఫిక్స్‌తో మాత్రం పరిమితం చేయొచ్చు. మీకు అదీ అక్కర్లేదు.

రూల్ పెట్టగానే 800 జీబీ క్షణంలో తగ్గిపోతుందని చూడకండి. లైఫ్‌సైకిల్ పని రోజుకోసారి వెనకాల నడుస్తుంది, క్లౌడ్‌వాచ్ సైజు కూడా రోజుకోసారే మారుతుంది. ఓనరుగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే గంటకోసారి 'తగ్గిందా' అని ఫోన్ వస్తుంది.

ఇవాళే పోవాలి, ఆగలేం అంటే చేత్తో అబార్ట్ చేయొచ్చు. ప్రతి దానికీ బకెట్ పేరు, ఫైలు పేరు, అప్‌లోడ్ ఐడీ మూడూ ఇవ్వాలి. ఒక షెల్ లూప్ రాసి పడేద్దాం అనిపిస్తుంది గానీ, మీ ఫైళ్ల పేర్లు 'గెలాక్సీ స్లాబ్ 14 (2)' లాగా ఖాళీలతో, బ్రాకెట్లతో ఉన్నాయని స్క్రీన్‌షాట్‌లో చూశాను. షెల్ లూప్‌లో ఆ పేర్లు రెండు ముక్కలవుతాయి. పైథాన్‌లో బోటో3 (ఏడబ్ల్యూఎస్ వాళ్ల లైబ్రరీ) పేజినేటర్‌తో రాయండి, ఎందుకంటే లిస్టు ఒక్కసారికి వెయ్యి వరుసలే ఇస్తుంది, ఆ తర్వాతి పేజీలు అడిగి తెచ్చుకోవాలి. మొదటిసారి అబార్ట్ చేయకుండా పేర్లు మాత్రం ప్రింట్ చేయించి చూసుకోండి. మొదలై రెండు రోజులు దాటని వాటిని వదిలేయండి, స్క్రిప్టు నడిచే టైములో అసలు ముట్టుకోవద్దు. ముక్క వెళ్తుండగా అబార్ట్ కొడితే, ఆ వెళ్తున్న ముక్క అబార్ట్ తర్వాత కూడా అక్కడికి చేరే అవకాశం ఉంది. అప్పుడు మళ్లీ అబార్ట్ చేయాలి. అనుమానమొస్తే 'లిస్ట్ పార్ట్స్' తో ఆ ఐడీ కింద ఏమైనా మిగిలిందేమో చూడండి.

అప్‌లోడ్ చేసే తాళానికి ఉన్న అనుమతులు కూడా ఒకసారి చూడండి. బ్యాకప్ తాళానికి ఫైళ్లు చెరిపే హక్కు ఇవ్వకూడదు అని చాలామంది రాయడానికి మాత్రమే అనుమతి ఇస్తారు. మంచి పద్ధతే. కానీ అబార్ట్ అనేది ఎస్3లో విడి అనుమతి. దాన్ని కూడా ఆ తాళానికి ఇస్తే టూల్ తన చెత్త తానే ఎత్తుకోగలుగుతుంది. ఆ అనుమతితో పూర్తయిన ఫైళ్లని చెరపడం ఎవరివల్లా కాదు, కాబట్టి ఇవ్వడానికి వెనకాడక్కర్లేదు.

మూలం దగ్గరికొస్తే, మొదట చేయాల్సింది రౌటర్‌కి, ఫైబర్ డబ్బాకి ఒక చిన్న యూపీఎస్ కొనడం. పన్నెండు వోల్టులవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మీ నెలన్నర వృథా బిల్లుకి మించదు. రెండోది, 40 జీబీ వీడియోని డ్రోన్ నుంచి దించుకునేటప్పుడే 4 జీబీ ఫైళ్లుగా విడగొట్టి పెట్టుకోండి. అప్పుడు కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క ఫైలు వరకే, అంతకుముందు పూర్తయినవాటిని సింక్ మళ్లీ పంపదు. ఇది నాకు టూల్ మార్చడం కన్నా నచ్చిన పరిష్కారం. టూలే మార్చాలనుకుంటే ఆర్‌క్లోన్ బాగుంటుంది, అందులో 'క్లీనప్' అనే కమాండ్ 24 గంటలు దాటిన సగం అప్‌లోడ్‌లని తీసేస్తుంది. రాత్రి స్క్రిప్టు మొదట్లో ఆ ఒక్క వరుస పెట్టుకోవచ్చు. అయినా లైఫ్‌సైకిల్ రూల్ మాత్రం ఉంచాల్సిందే, ఎందుకంటే ఫోన్ బ్రౌజర్లలో ఆగిపోయిన వాటికి అదే దిక్కు.

మీ వెబ్ పేజీ రాసిన అబ్బాయికి ఒక మాట చేరవేయండి. కంప్లీట్ రిక్వెస్ట్‌కి ఎస్3 ఒక్కోసారి 200 (అంతా సరే) అని స్టేటస్ ఇచ్చి, లోపల ఎర్రర్ రాసి పంపుతుంది. ముక్కలు కలపడానికి టైము పడుతుంది కాబట్టి ముందే స్టేటస్ పంపేసి, తర్వాత తేడా వస్తే జవాబులో చెప్తుంది. ఏడబ్ల్యూఎస్ వాళ్ల లైబ్రరీ వాడితే అది చూసుకుంటుంది. చేత్తో రాసిన కోడ్ అయితే స్టేటస్ చూసి 'అప్‌లోడ్ అయింది' అని పచ్చ టిక్కు చూపించేసి ఉండొచ్చు, అక్కడ మాత్రం ఫైలు ఉండదు, ముక్కలే ఉంటాయి. బిల్లు కన్నా ఇది పెద్ద నష్టం, ఎందుకంటే సూపర్‌వైజరు ఫోన్‌లోంచి వీడియో చెరిపేసి ఉంటాడు. అందుకే, చేత్తో అబార్ట్‌లు కొట్టే ముందు, ఏ పేర్లు సగం అప్‌లోడ్‌ల లిస్టులో ఉండి అసలు ఫైళ్ల లిస్టులో లేవో సరిచూసి, వాటి ఒరిజినల్స్ ఆఫీసులో ఉన్నాయో లేవో కనుక్కోండి. ముక్కలన్నీ చేరి కంప్లీట్ ఒక్కటే తప్పిపోయి ఉంటే, ముక్కల నంబర్లు, ఈట్యాగులు (ఎస్3 ప్రతి ముక్కకీ ఇచ్చే గుర్తులు) లిస్ట్ పార్ట్స్‌తో తీసి కంప్లీట్ మళ్లీ పంపి ఫైలుని బతికించుకోవచ్చు. అబార్ట్ చేశాక ఎవరూ ఏమీ చేయలేరు. లైఫ్‌సైకిల్ రూల్ పెట్టే ముందు కూడా ఈ ఒక్క తనిఖీ పూర్తిచేయండి.

వేరే స్టోరేజ్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి రెండు ముక్కలు. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2లో ఏడు రోజుల రూల్ మొదటి నుంచే పెట్టి ఉంటుంది. ఆజూర్‌లో కమిట్ కాని బ్లాకులు వారానికి వాటంతట అవే పోతాయి. ఆఫీసులోనే మినియో (ఎస్3 లాంటి సొంత సర్వర్) నడుపుకునేవాళ్లకి, సెట్టింగ్ మార్చకపోతే, 24 గంటలు దాటినవాటిని అది తానే తుడిచేస్తుంది. వీటితో పోలిస్తే చెప్పి చేయించుకోవాల్సింది ఎస్3కే.

రూల్ పెట్టిన మూడు నాలుగు రోజులకి లిస్టు మళ్లీ తీయండి. మూడు రోజులు దాటిన వరుసలు ఇంకా అలాగే ఉంటే మొదట రూల్ 'ఎనేబుల్డ్' అని ఉందో లేదో, ప్రిఫిక్స్ గడిలో పొరపాటున ఏదైనా పడిందేమో చూడండి. బకెట్‌కి ఎంఎఫ్ఏ డిలీట్ (చెరపాలంటే అదనపు కోడ్ అడిగే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే లైఫ్‌సైకిల్ అసలు పెట్టనివ్వదు, అలాంటప్పుడు పైన చెప్పిన పైథాన్ స్క్రిప్టునే వారానికోసారి నడిచేలా పెట్టుకోవాలి. ఆ లిస్టు తీసినప్పుడు పాత వరుసల్లో ఒకటి రెండు ఇక్కడ పెట్టండి, అప్‌లోడ్ ఐడీలు, తాళం వివరాలు తీసేసి. ఫైలు పేరు, టైము ఉంటే చాలు.